మనోవైద్యుడు – అతని స్వానుభవము

దేహమునకు జ్వరము వచ్చినచో వైద్యుడు నాడి చూచును, మందిచ్చును. ఆ వైద్యునికి ఎన్నడైనను జ్వరము వచ్చినదా యని మనమడుగము. మనస్సునకు కలిగిన బాధ సంగతి వేఱు. దానికి చికిత్స చేయువాని ముఖ్యమైన పనిముట్టు మాట. మాటకంటె ముందు, వినుట. వినువాడు తన జీవితమును గుమ్మము వెలుపల విడిచి లోనికి రాజాలడు. ఆ జీవితమతని చికిత్సను ఏరీతిగా తీర్చునో నేడు మీతో ముచ్చటింపదలచితిని. ఈ విషయము మీకు దూరమైనది కాదు. పుత్రశోకము కలిగిన యింటికి, పూర్వమెప్పుడో పుత్రుని పోగొట్టుకొన్న పెద్దనే ముందుగా పంపుదురు. ఎందులకట్లు పంపుదురో మీరెఱుగుదురు. ఆ పెద్ద అచ్చట తన కథయే చెప్పుకొనుచు కూర్చున్నచో ఏమగునో, అదియు మీరెఱుగుదురు.

వియన్నా నగరప్రాంతమున 1870లో జన్మించిన ఆల్ఫ్రెడ్ ఆడ్లరు బాల్యమున ఎముకలు మెత్తబడు రికెట్సు వ్యాధిచే బాధపడెను. అన్న పరుగులిడుచుండగా తాను బల్లమీద కదలలేక కూర్చుండెడివాడు. తమ్ముడు పసితనముననే మరణించెను. పిమ్మట తానును న్యుమోనియాతో మరణముఖమునకు పోయి మరలివచ్చి, వైద్యుడనే కావలెనని నిశ్చయించుకొనెను. 1907లో ఆయన ప్రకటించిన గ్రంథము, అవయవములలోని కొఱతను మనుష్యుడెట్లు పూరించుకొన జూచునో విచారించునది. నేడు మనము సర్వసాధారణముగా వాడుకొను న్యూనతాభావమను మాటకు ప్రచారము తెచ్చినవాడాయనయే. ఆ బల్లమీది బాలుడే యీ గ్రంథకర్తయనిన ఆశ్చర్యమేమి?

ఆ నగరముననే 1905లో పుట్టిన విక్టర్ ఫ్రాంకెల్ చరిత్రము ఇంతకంటె దీర్ఘముగా చెప్పదగినది. ఆయన కొంతకాలము ఆడ్లరు సంఘమున నుండి, అభిప్రాయభేదముచే 1927లో వెలివేయబడెను. పిమ్మట విద్యార్థులకు ఉచితముగా సలహాలిచ్చు కేంద్రములను నెలకొల్పి, మార్కుల పత్రములు చేతికి వచ్చు దినములలో విశేషశ్రద్ధ వహించెను. మన యింటర్మీడియెట్ ఫలితములు వెలువడు వారమును తలచుకొనుడు. ఆ శ్రద్ధ యొక్క విలువ తెలియును. 1933 నుండి 1937 వరకు స్టైన్‌హోఫ్ మానసిక వైద్యశాలలో, ప్రాణము తీసికొన యత్నించిన స్త్రీల విభాగమును చూచెను. జీవితమునకు అర్థమున్నదని తోచినవాడు ఎంతటి కష్టమునైనను సహింపగలడను ఆయన సిద్ధాంతము ఈ దినములలోనే రూపొందినది.

ఫ్రాంకెల్ యూదుడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించిరి. 1941లో అమెరికా వెళ్లుటకు ఆయనకు అనుమతిపత్రము లభించెను. వెళ్లినచో తాను బ్రతుకును. వృద్ధులైన తల్లిదండ్రులు మిగిలిపోవుదురు. అప్పుడింట బల్లమీద ఒక పాలరాతి ముక్క కనబడెను. నాజీలు కూల్చిన యూదుల ప్రార్థనాలయమునుండి తండ్రి తెచ్చినదది. దానిమీద మిగిలియున్న యొక్క యక్షరము, తల్లిదండ్రులను గౌరవింపుమను ఆజ్ఞకు సంబంధించినది. అనుమతి గడువు దాటిపోనిచ్చి ఆయన ఇంటనే నిలిచెను.

1942 సెప్టెంబరులో ఆయనయు భార్యయు తల్లిదండ్రులును టెరేజిన్ నిర్బంధశిబిరమునకు చేర్పబడిరి. తండ్రి అచ్చటనే మరణించెను. 1944లో ఫ్రాంకెల్‌ను ఆష్విట్జ్‌కు తరలించిరి. కోటు లోపలి గుడ్డలో కుట్టి దాచుకొన్న సిద్ధాంతగ్రంథపు వ్రాతప్రతి అచ్చట పోయెను. 1945 ఏప్రిల్ 27న విడుదల పొంది వియన్నా చేరిన పిమ్మట, తల్లియు సోదరుడును భార్యయు శిబిరములలో మరణించిరని తెలిసికొనెను. ఇట్టివాడు 1946 మొదలు సుమారు ఇరువదియైదేండ్లు వియన్నాలోని యొక వైద్యశాలలో నరముల వైద్యశాఖకు అధిపతియై రోగులను చూచెను.

ఆయన యొద్దకు వృద్ధుడైన యొక వైద్యుడు వచ్చెను. భార్య పోయి రెండేండ్లైనను ఆ వృద్ధునికి దుఃఖము తీరలేదు. ముందు మీరే పోయి ఆమె మిగిలియున్నచో ఏమగునని ఫ్రాంకెల్ అడిగెను. అయ్యో, ఆమె తాళజాలకపోవునని వృద్ధుడు చెప్పెను. ఆ బాధ ఆమెకు తప్పినది, తప్పించినవారు మీరు, దానికి వెలగా మీరీ దుఃఖమును మోయుచున్నారని ఫ్రాంకెల్ బదులు పలికెను. వృద్ధుడు మాటాడక కరచాలనము చేసి లేచిపోయెను. ఫ్రాంకెల్ స్వయముగా వ్రాసిన యీ వృత్తాంతమున, తన భార్య ప్రస్తావన యెచ్చటను లేదు. దుఃఖమెఱిగినవానికే తోచునట్టి ప్రశ్న యది. కాని తన దుఃఖమును వృద్ధుని భుజములమీద పెట్టలేదు.

శిబిరమే ఆయనను గొప్ప వైద్యుని చేసినదని కొందఱందురు. నేనట్లు తలంపను. సిద్ధాంతము ముందే యున్నది. శిబిరము దానిని పరీక్షించినది. అట్టి శిబిరములనుండి వచ్చిన వేలాదిమంది ఏ సిద్ధాంతమును చెప్పలేదు. పలువురు ఆ మాటయే యెత్తలేదు. గాయము తనంతట తాను విద్య కానేరదు.

ఈ వృత్తిలోని యపాయమును ఫ్రాయిడ్ 1910లోనే గుర్తించి దానికి పేరు పెట్టెను. రోగి మాటలు వైద్యుని మనస్సులోని పాత తంత్రులను మీటును. ఆ నాదము తనదో రోగిదో వైద్యుడెఱుగకున్నచో చికిత్స దారి తప్పును. అందుచేతనే ఈ పని నేర్చువారు తమ కేసులను అనుభవజ్ఞుడైన మఱియొకని యెదుట చెప్పుకొను నలవాటు ఏర్పడినది. నేనును ఇప్పటికిని చెప్పుకొందును.

మా తండ్రిగారు పక్షవాతముతో చిరకాలము మంచమున నుండిరి. మా తల్లియు నేనును వంతులవారీగా రాత్రులు మేల్కొనెడివారము. ఆనాటినుండి, మంచమున నున్నవారి యింటివారెవరు వచ్చినను, రాత్రులెవరు మేల్కొందురని ముందుగా అడుగుదును. ఏ గ్రంథమునందును నేను చదువని ప్రశ్న యది. పెక్కుమార్లు ఆ ప్రశ్నతోనే వారి కన్నీరు వెలువడును.

ఒకమారు మామగారికి సేవచేయుచున్న కోడలు వచ్చెను. ఆనవాళ్లు మార్చి చెప్పుచున్నాను. ఆమెనును అట్లే అడిగితిని. "మేల్కొనుట నాకు కష్టము కాదండి. పదునాఱేండ్లనుండి వండిపెట్టుచున్నాను, ఆయన నన్నొక్కనాడును పేరుపెట్టి పిలువలేదు" అని ఆమె చెప్పెను. మా తండ్రిగారి మంచమునకు ఆ మాటతో సంబంధము లేదు. మిగిలిన ఆ గంటయంతయు మేమా పేరును గూర్చియే మాటాడుకొంటిమి.