బడిపంతులు చూసిన స్తంభం

పద్ధెనిమిదేళ్ల క్రిందటి మాట. నేను కాలేజీలో చేరి రెండేళ్లయిందో లేదో. ఒకనాడు క్లాసు ముగిశాక ఒక కుర్రవాడు వరండాలో నా వెంటబడ్డాడు. "మాస్టారూ, మా చెరువుగట్టుమీద ఒక రాయి వుందండీ. తెలుగులాంటి అక్షరాలేగాని మావాళ్లెవరికీ చదవడం చేతకావడం లేదు" అన్నాడు.

ఆ పూటే నేను కలమళ్ల శాసనం పాఠం చెప్పాను. క్రీ.శ. 575 ప్రాంతాన రేనాటి చోళులు కడప సీమలో వేయించిన ఆ శాసనమే మనకు దొరికినవాటిలో తొలి తెలుగు శాసనమని బల్లగుద్ది మరీ చెప్పాను. పాఠం వాడికి పట్టింది. చెప్పిన నాకే పట్టలేదు. "అలాగేలేవోయ్, దసరా సెలవుల్లో వద్దాం" అన్నాను.

దసరా వెళ్లింది, సంక్రాంతీ వెళ్లింది. తీరా నేను పోయేసరికి చెరువుగట్టుకు రాతికట్టు కట్టేశారు. నా రాయి ముక్కలై అందులో కలిసిపోయింది. కుర్రవాడు అరచేయంత పెచ్చు ఒకటి దాచివుంచాడు. దానిమీద ఒక అక్షరం నిండుగానూ, ఇంకొకటి సగమూ వున్నాయి. పగలగొట్టిన కూలీలను తప్పుపట్టి ఏం లాభం? వాళ్లకది రాయి. అది శాసనమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే గదా!

ఇలాంటి రాయే మరొక పంతులుగారి కంటబడితే ఏమైందో వినండి. 1926లో సూరపరాజు వెంకటరామయ్యగారనే బడిపంతులు పల్నాటి కొండల నడుమ, కృష్ణ ఒడ్డున, ఒక పాతకాలపు స్తంభం చూశారు. చూసి ఊరుకోలేదు, పై అధికారులకు తెలియజేశారు. మద్రాసు శాసనశాఖలో తెలుగు అసిస్టెంటుగా వున్న రంగస్వామి సరస్వతిగారు వచ్చి పరిశీలించారు. మరుసటి యేటినుంచి 1931 దాకా లాంగ్‌హర్స్టు దొర తవ్వించాడు. అదే నాగార్జునకొండ! తర్వాత అక్కడ ఆనకట్ట కట్టాలన్నారు. 1955 డిసెంబరులో నెహ్రూగారు శంకుస్థాపన చేసేనాటికే ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో తవ్వకం ముమ్మరంగా సాగుతోంది. 1960 దాకా సాగింది. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండమీదా, అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. లోయ నీటిలో మునిగింది. ఆ పంతులుగారు స్తంభాన్ని చూసీ చూడనట్టు పోయివుంటే, ఆ సంగతులన్నీ ఎంత ఆలస్యంగా బయటపడేవో, అసలు పడేవో లేదో!

కొన్నేళ్లుగా నేనూ, ఇద్దరు మిత్రులూ కలిసి చుట్టుపట్ల పల్లె బడుల ఉపాధ్యాయులను ఆదివారాల్లో పిలిచి, తెలిసింది చెబుతున్నాం. మొదటిసారి రాజుల పట్టీ, సంవత్సరాలూ వల్లించాను. సగంమంది ఆవులించారు. రెండోసారి చాంతిసిరి కథ ఎత్తుకున్నాను. నాగార్జునకొండ మహాచైత్యానికి స్తంభాలెత్తించిన మహాయిల్లాలు ఆమె. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి ఆడపడుచు. అతని కొడుకు వీరపురుషదత్తుణ్ణి ఆమె ప్రాకృత శాసనంలో తన అల్లుడని చెప్పించింది. అంటే మేనత్త గారే అత్తగారన్నమాట! "మన మేనరికమేనండీ!" అని ఒక టీచరమ్మ ఠక్కున అనేసింది. ఆనాటినుంచి ఎవరూ ఆవులించలేదు.

చెప్పేది పెద్ద విద్యేమీ కాదు. అక్షరాలు కనబడడం లేదని సుద్దతో పూడ్చవద్దు, సున్నం కొట్టవద్దు, ఇనుపబ్రష్షుతో రుద్దవద్దు. చీకటిపడ్డాక టార్చిలైటు ప్రక్కనుంచి ఏటవాలుగా వేయండి. పగలు కనబడని గీతలు నీడలతో లేచి నిలబడతాయి. అప్పుడు సెల్‌ఫోనుతో బొమ్మ తీయండి. శాసనశాఖవారు రాతిమీద తడికాగితం పరచి, బ్రష్షుతో తట్టి, పైన సిరా అద్ది నకలు తీస్తారు. అది వారి పని. గునపంతో తవ్వడం మాత్రం ఎవరూ చేయవద్దు. కుండపెంకు విలువ అది ఏ లోతున, దేని ప్రక్కన దొరికిందనే దానిలో వుంది. పైకి తీసి ఒడిలో వేసుకుంటే అది వట్టి పెంకే. నిధినిక్షేపాల సంగతైతే 1878 నాటి చట్టమే వుంది: పది రూపాయలు దాటిన విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ఆ పది రూపాయల లెక్క విన్నప్పుడల్లా అందరూ నవ్వుతారు.

నవ్వని ప్రశ్న ఒకటుంది. "చెబితే మా పొలం పోతుందా?" అని అడుగుతారు. తప్పించుకుని జవాబు చెప్పను. కేంద్ర ప్రభుత్వం రక్షిత కట్టడమని ప్రకటించిన దానిచుట్టూ వంద మీటర్లలో కొత్తగా ఇల్లు కట్టరాదు, అది నిజం. అలాగని అక్షరాలున్న ప్రతిరాయీ రక్షిత కట్టడమై కూర్చోదు.

పోయిన కార్తీకంలో ఆ మేనరికం టీచరమ్మే ఫోను చేసింది. రేవులో బట్టలుతికే బండకు అడుగువైపున అక్షరాలున్నాయట. అప్పటికే దానిమీద గోనెపట్టా కప్పించి, సర్పంచికి గూడా చెప్పివచ్చిందట. ఈసారి సెలవులకోసం ఆగలేదు. ఆ సాయంత్రమే బస్సెక్కాను. పదకొండు పంక్తులు. రెండు అరిగిపోయాయి. చెరువు క్రింద కొంత మడి దేవుడి దీపానికి రాసిచ్చారని తక్కినవాటిలో తేలింది. పైకి చదివి వినిపించాను. చుట్టూ మూగిన జనంలోంచి ఒక ముసలాయన చేతికర్ర ఆనించి మెల్లగా అడిగాడు:

"ఆ మడి ఇప్పుడెవరి క్రింద వుందంటారు బాబూ?"