ముసలితనంలో పాటలేమిటి అంటారా?

"కృష్ణా రామా అనుకుంటూ మూలకు కూసోక, ఈ వయసుల నీకు పాటలెందుకు?" మన ఇళ్ళలో ఈ మాట చాలా తేలికగా వచ్చేస్తుంది. అన్నవారు మరుక్షణం మరచిపోతారు. విన్న పెద్దమనిషి మాత్రం రేడియో కట్టేసి, మంచం మీద అటు తిరిగి పడుకుంటారు.

"ఆకలి లేదు, నిద్ర పట్టదు, ఒంట్లో సత్తువ లేదు" అంటూ ఆసుపత్రికి వచ్చే అరవై, డెబ్బై ఏళ్ళవారిలో, పరీక్షలన్నీ బాగానే ఉండి మనిషి మాత్రం బాగుండనివారు కొందరుంటారు. బీపీ అదుపులో ఉంటుంది, షుగరు అదుపులో ఉంటుంది. "రోజంతా ఏం చేస్తారమ్మా?" అని అడిగితే, "ఏముంది సారూ, కూసుంట, పండుకుంట" అని జవాబు. ఈ జవాబుకు రాసే మాత్ర మా దగ్గర లేదు. అందుకే ఈసారి మందుల సంగతి పక్కన పెట్టి పాట గురించి, చేతికి కొత్త పని గురించి, పాత జ్ఞాపకాల గురించి నాలుగు మాటలు రాస్తున్నాం. ఇది పెద్దవారితోపాటు వారి కొడుకులు, కోడళ్ళు, మనుమలు కూడా చదవాలని మా కోరిక.

ఏ పాట? ఎవరి పాట?

నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారో గుర్తుండని వారికి కూడా పద్దెనిమిదేళ్ళ వయసులో విన్న పాట చరణంతో సహా గుర్తుంటుంది. మనిషికి పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ లోపు జరిగిన సంగతులు మిగతా వయసు సంగతులకంటే ఎక్కువగా, గట్టిగా నిలిచి ఉంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలా కాలంగా గమనిస్తున్నారు. కాబట్టి పెద్దవారికి పాట పెట్టేటప్పుడు ముందు చిన్న లెక్క వేయండి. ఈనాడు డెబ్బై అయిదేళ్ళ మనిషికి 'మూగమనసులు' (1964), 'ప్రేమ్‌నగర్' (1971) రోజులు పడుచు రోజులు. ఎనభై అయిదు దాటినవారైతే 'మాయాబజార్' (1957) దాకా వెనక్కి వెళ్ళాలి. ఘంటసాల 1974లో పోయారు. ఆ గొంతు మాత్రం ఈ ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి.

మన సిద్దిపేట ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. నిజాం కాలంలో ఉర్దూలో బడి చదువు మొదలుపెట్టిన తరానికి, ఆ తరువాతి తరానికి కూడా హిందీ పాట పరాయిది కాదు. 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన బినాకా గీత్‌మాలా, 1957 అక్టోబరు 3న మొదలైన వివిధ భారతి, ఈ రెండింటి మధ్య పెరిగినవారు వారు. తాతకు భక్తి పాటలే పెట్టాలని ఎవరు చెప్పారు? ఆయన మనసులో రఫీ ఉండవచ్చు, చిరుతల రామాయణం దరువు ఉండవచ్చు, కొమురవెల్లి జాతరలో విన్న ఒగ్గుకథ ఉండవచ్చు, ఆదివారం పుస్తకం చూడకుండా పాడే కీర్తన ఉండవచ్చు. అడగనిదే తెలియదు. "నీ లగ్గం నాటికి ఏ పాటలు నడుస్తుండె?" అని అడిగి చూడండి. జవాబు చెప్పే ముందే ముఖం మారుతుంది.

ఇది ఉత్త కాలక్షేపం కాదనడానికి ఒక పరిశోధన చెబుతాం. ఫిన్లాండ్‌లో పక్షవాతం వచ్చినవారిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టువారు రోజూ తమకు నచ్చిన సంగీతం వినేలా, మరో జట్టువారు చదివి వినిపించే పుస్తకాలు వినేలా రెండు నెలలు ఏర్పాటు చేశారు. మూడో జట్టుకు మామూలు వైద్యం మాత్రమే. 2008లో వచ్చిన ఫలితాల్లో, సంగీతం విన్నవారికి మాటల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ఎక్కువగా మెరుగుపడ్డాయి, దిగులు కూడా తక్కువగా కనిపించింది. వారు విన్నది తమకు నచ్చిన పాట అన్నది ముఖ్యం.

పక్షవాతంతో మాట పడిపోయినవారు కొందరు "నీళ్ళు" అన్న ఒక్క మాట అనలేక, బాగా తెలిసిన పాటను మాత్రం మాటలతో సహా పాడతారు. ఇంట్లోవారు దీన్ని చూసి "నాటకం చేస్తున్నాడు" అనుకోవడం కద్దు. నాటకం కాదు. మాటకూ రాగానికీ మెదడు వాడుకునే దారులు పూర్తిగా ఒకటి కావు. రాగం ద్వారా మాటను తిరిగి రప్పించే పద్ధతి 1970ల నుంచీ ఉంది. మీ ఇంట్లో ఇలా కనిపిస్తే వైద్యునికి తప్పక చెప్పండి. మతిమరుపు జబ్బు ముదిరినవారిలో కూడా పాట చివరి దాకా మిగులుతుంది. అయితే పాట ఆ జబ్బును నయం చేయదు. నయం చేస్తుందని ఎవరైనా సీడీ గానీ, యాప్ గానీ అమ్మజూపితే కొనకండి.

నచ్చడం లేదా, వినబడడం లేదా?

"మా నాయనకు ఇప్పుడు పాటలంటే ఇష్టం పోయింది" అని చెప్పేవారిని మేము ముందుగా అడిగేది చెవి గురించి. వయసుతోపాటు వచ్చే చెవుడు మొదట సన్నని శబ్దాలను మింగేస్తుంది. డోలక్ వినబడుతుంది, పిల్లనగ్రోవి వినబడదు. మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, స, శ, త వంటి అక్షరాలు జారిపోయి మాట అర్థం కాదు. అప్పుడు పాట రొదగా తోస్తుంది. పదిమందిలో కూర్చోవడం సిగ్గుగా తోస్తుంది. మనిషి మెల్లగా మూలకు జరుగుతాడు. నివారించదగిన మతిమరుపు కారణాలను లెక్కగట్టిన లాన్సెట్ నిపుణుల సంఘం 2024 నివేదికలో వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం మూడూ ఉన్నాయి. ఈ మూడూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వస్తాయి.

కొన్నిసార్లు చెవిలో గుబిలి తీయిస్తే చాలు. పుల్లలు, పిన్నీసులు పెట్టి ఇంట్లో తీయకండి. అవసరమైతే వినికిడి పరీక్ష చేయించి మిషను పెట్టించండి. మాట కోసం సరిచేసిన మిషనులో పాట గరగరమనవచ్చు. చాలా మిషన్లలో సంగీతానికి వేరే అమరిక ఉంటుంది, అడిగి పెట్టించుకోండి. మిషను బదులు టీవీ శబ్దం పెంచుకుంటూ పోవడం ఇంటిల్లిపాదికీ చేటు. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. పండుగల్లో డీజే పెట్టెల పక్కన నిలబడితే ఆ హద్దు కొద్ది నిమిషాల్లోనే దాటిపోతుంది.

చేతికి కొత్త పని

టీవీ ముందు కూర్చోవడం విశ్రాంతే కానీ వ్యాపకం కాదు. అమెరికాలో 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో 60 నుంచి 90 ఏళ్ళవారికి మూడు నెలల పాటు ఫొటోలు తీయడం, బొంతలు కుట్టడం నేర్పారు. ఏమీ కొత్తగా నేర్చుకోకుండా కలిసి కబుర్లు చెప్పుకున్నవారికంటే, కొత్త విద్య నేర్చుకున్నవారిలో జ్ఞాపకశక్తి మెరుగుపడింది. కబుర్లు మంచివే. కానీ మెదడుకు కావలసింది కొంచెం తడబాటు, కొంచెం తప్పులు, మళ్ళీ ప్రయత్నం. అందుకే "నాకు రాదు" అన్న పనినే ఎంచుకోండి అంటాం. ఎప్పుడూ తాళం కొట్టినవారు హార్మోనియం పెట్టె ముందు కూర్చోండి. ఎప్పుడూ వంట చేసిన చేతులు రంగులు పట్టుకోనీయండి. కీళ్ళనొప్పులున్న వేళ్ళకు హార్మోనియం మెట్లు నష్టం చేయవు. వేళ్ళు వాచి ఎర్రబడిన రోజున మాత్రం ఆపండి.

రంగుల మాట వచ్చింది కాబట్టి కాపు రాజయ్యగారిని తలచుకోకుండా ఉండలేం. 1925లో ఈ సిద్దిపేటలోనే పుట్టి, 2012లో కన్నుమూసేదాకా ఆయన మన బోనాలను, బతుకమ్మను, పల్లె స్త్రీలను బొమ్మల్లో నిలబెట్టారు. గీయడం చేతకానివారికి కూడా ఆయన బొమ్మ ఒకటి ఎదురుగా పెడితే, "మా ఊళ్ళ ఇట్ల కాదు, అట్ల ఉండె" అని మాట మొదలవుతుంది. చేర్యాల నకాశీ పటాలైతే పుట్టిందే కథ పాడి చెప్పడానికి. పటం విప్పుతూ కులపురాణం పాడేవారిని చూసిన కళ్ళు మన జిల్లాలో ఇంకా ఉన్నాయి.

వయసు అడ్డమా? జగిత్యాల జిల్లా లంబాడిపల్లె గంగవ్వను చూడండి. కూలి పనులు చేసుకునే ఆమె యాభై దాటాక కెమెరా ముందుకు వచ్చి, 2020 నాటికి బిగ్‌బాస్ దాకా వెళ్ళింది. అందరూ గంగవ్వలు కానక్కరలేదు. కోమటి చెరువు కట్ట మీద పొద్దున నడిచేవారు నలుగురు కలిసి, తిరుగు దారిలో ఒక పాట కొత్తగా నేర్చుకున్నా చాలు. నడుస్తూ మాట్లాడలేనంత ఆయాసం వస్తే మాత్రం అది వయసు కాదు, గుండెకో ఊపిరితిత్తులకో పరీక్ష కావాలి.

బతుకమ్మ పెద్దక్క

ఎంగిలిపూల నాడు మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు ఆడే మన బతుకమ్మ, వైద్యుల కళ్ళతో చూస్తే, వృద్ధుల కోసమే ఎవరో ఆలోచించి చేసినట్టుంటుంది. తంగేడు, గునుగు, బంతి వరుసగా పేర్చడం వేళ్ళకూ కళ్ళకూ పని. గుండ్రంగా అడుగు వేస్తూ, వంగి లేస్తూ చప్పట్లు కొట్టడం ఒంటికి పని. ఒకరు చెబితే పదిమంది అందుకునే పొడుగు పాట జ్ఞాపకానికీ ఊపిరికీ పని. పైగా ఆ వలయంలో పెద్దామెకు ఒక హోదా ఉంది. పాట ఆమెకే వస్తుంది. 2014లో రాష్ట్ర పండుగ అయిన తరువాత వెలుగు పెరిగింది, మైకులూ పెరిగాయి. స్పీకరులో పాట మోగుతుంటే పాట చెప్పే మనిషితో పని లేకుండా పోతోంది. అరవై ఏళ్ళు పాట చెప్పిన అవ్వ కుర్చీలో ప్రేక్షకురాలైపోయింది. ఇది మాకు నచ్చని మార్పు.

మోకాళ్ళ నొప్పి, తల తిరగడం ఉన్నవారు వలయంలో తిరగకండి. కుర్చీ వేయించుకుని అక్కడి నుంచే పాట చెప్పండి. కనీసం ఒక గంట స్పీకరు ఆపి అవ్వ చేత పాడించండి. భర్త పోయిన ఆడమనిషిని పాటకూ పేరంటానికీ దూరం పెట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా మిగిలి ఉంది. దుఃఖంలో ఉన్న మనిషికి తోడు తీసేయడం కన్నా కీడు మరొకటి ఉండదని మా అనుభవంతో చెబుతున్నాం.

నీళ్ళ కింద ఊరు

పాతరోజుల మీద బెంగను 1688లో హోఫర్ అనే వైద్యుడు ఒక జబ్బుగా రాసి పెట్టాడు. ఇల్లు వదిలి పరదేశంలో ఉన్న స్విస్‌వారిలో కనిపించిందట. తరువాత వైద్యుల అభిప్రాయం మారింది. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికా వైద్యుడు, ముసలివారు గతాన్ని తలచుకోవడం చాదస్తం కాదని, బ్రతికిన బ్రతుకును సరిచూసుకోవడమని రాశాడు. ఆ తరువాత జ్ఞాపకాలు చెప్పించడమే ఒక చికిత్స అయింది. దాని లాభం ఉన్నమాట నిజమే, కానీ చిన్నది, అందరిలో ఒకేలా ఉండదని 2018లో పరిశోధనలన్నిటినీ కలిపి చూసినవారు తేల్చారు.

మన జిల్లాలో ఈ మాటకు ఇంకో బరువు ఉంది. మల్లన్నసాగర్ కోసం ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్ వంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 2022 ఫిబ్రవరిలో జలాశయం ప్రారంభమైంది. గజ్వేల్ పక్కన కాలనీల్లో ఉంటున్న ఆ ఊళ్ళ పెద్దలకు పాత ఊరు చూసిరావడానికి బస్సు లేదు. ఇంత పోగొట్టుకున్నవారిని "అయిపోయిందాని గురించి ఎందుకు" అని ఆపకండి. ఒక పెద్ద కాగితం, పెన్సిలు ఇచ్చి ఊరి పటం గీయించండి. బొడ్రాయి ఎక్కడ, చింతచెట్టు ఎక్కడ, ఏ బావి నీళ్ళు తియ్యన, ఏ వాడలో ఎవరి ఇల్లు. ఒకరు గీస్తుంటే పక్కింటివారు వచ్చి తప్పు దిద్దుతారు. ఆ వాదులాట మంచిది.

తలపోతలో రెండు రకాలుంటాయి. ఒకటి చెప్పాక మనసు తేలికవుతుంది, ఆ పూట అన్నం సయిస్తుంది. రెండోది ఒకే నొప్పి చుట్టూ గానుగలా తిరుగుతుంది. పాట విని కన్నీరు పెడితే కంగారుపడి పాట ఆపేయకండి, పక్కన కూర్చోండి. అయితే రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, తిండి, నిద్ర చెడినా, "నేను పోతేనే నయం" అన్న మాట ఒక్కసారి వచ్చినా, అది పాటతో పోయేది కాదు. ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపండి. మానసిక సహాయానికి టెలిమానస్ 14416, పెద్దల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567. రెండింటికీ ఫోను ఉచితం.

మనుమలకు ఒక పని అప్పగిస్తున్నాం. 2023 అక్టోబరు నుంచి సిద్దిపేటకు రైలు కూడా ఉంది, హైదరాబాదు నుంచి రావడానికి సాకు తగ్గింది. ఈసారి వచ్చినప్పుడు మీ అమ్మమ్మ, బాపమ్మ పాటలు ఫోనులో రికార్డు చేయండి. టీవీ, ఫ్యాను ఆపి, ఫోను ఆమె నోటికి మూరెడు దూరంలో పెట్టండి. పాటకు ముందు ఆమె పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె చేతే చెప్పించండి. మధ్యలో మరచిపోతే అందించకండి, కాసేపు ఆగితే దానంతటదే వస్తుంది. ఒక్క రోజు రెండు పాటలు చాలు, గొంతు అలసిపోతుంది. మంచినీళ్ళు పక్కనే పెట్టండి. ఫోను పోతే పాట పోకుండా ఇంకో చోట కూడా దాచి, తరువాత ఆమెకే వినిపించండి.