వేలిముద్ర వేసిన కాగితం ఢిల్లీకి పోతుందా?



పోయిన నెల, ఇంటివాళ్లు వచ్చే ఆదివారం నాడు మా దాదా వచ్చిండు. దాదా అంటే మా లంబాడోళ్లల్ల తాత. భీమ్‌గల్ దిక్కు అడవి అంచున మా తండా. మెండోరలో బస్సు దిగి ఎండలో నడుచుకుంట వచ్చి, జొన్నరొట్టెల మూట నా చేతిల పెట్టిండు. తర్వాత అంగీ జేబులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసిండు.

"బేటా, నువ్వు తొమ్మిదో తరగతికి వచ్చినవ్. మన పోడు సంగతి పార్లమెంటుకు రాయి. కింద నేను వేలు పెడ్త" అన్నడు.

ఆ కాగితం పాతది. తండాల కొంచెం చదువు వచ్చిన ఒకాయన రాసిచ్చిండట. "అయ్యా, మా భూమి మాకు ఇప్పించండి" అని ఉంది. ఎవరికి రాస్తున్నరో లేదు. తారీఖు లేదు. ఊరి పేరు లేదు. కింద పదకొండు వేలిముద్రలు ఉన్నయి గానీ ఏ వేలు ఎవరిదో రాయలే. దాని నకళ్లు నాలుగైదు ఆఫీసులకు పంపిండ్రట. ఒక్క దగ్గరి నుంచి కూడ జవాబు రాలే. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాలు పంచుడు మొదలైనంక మా తండాల గూడ కొందరికి వచ్చినయి. మా దాదాకు రాలే.

నాకు ఏం రాయాలో తెలవలే. సోమవారం సోషల్ సార్‌ను అడిగిన. సార్ వారం రోజులు సాయంత్రం స్టడీ అవర్ అయినంక నన్ను కూర్చోబెట్టుకొని చెప్పిండ్రు. మనలో చాలామంది ఇండ్లల్ల ఇసొంటి కాగితాలు ఉంటయి కాబట్టి, నేను తెలుసుకున్నది ఈసారి గోడపత్రికలో రాస్తున్న.

పిటిషన్ల కమిటీ అంటే ఏమిటి?

పార్లమెంటులో రెండు సభలు ఉన్నాయని మనం చదువుకున్నం. రెండింటికీ వేరువేరుగా పిటిషన్ల కమిటీలు ఉన్నాయి. లోక్‌సభ కమిటీలో 15 మంది సభ్యులు ఉంటారు, వారిని స్పీకర్ నియమిస్తారు. రాజ్యసభ కమిటీలో 10 మంది, వారిని చైర్మన్ నియమిస్తారు. లోక్‌సభ కమిటీలో మంత్రులు ఉండకూడదు. ఎందుకంటే కమిటీ అడగాల్సిందే మంత్రిత్వ శాఖలను కదా! తప్పు చూసేవాడూ, జవాబు చెప్పేవాడూ ఒక్కరే అయితే ఎట్ల?

ఇది కొత్తగా వచ్చింది కాదు. బ్రిటిష్ వారి కాలంలోనే 1924లో కేంద్ర శాసనసభకు ఇలాంటి కమిటీ ఏర్పడింది. మన తెలుగువాళ్లు కూడా దీనికి పెద్దలుగా ఉన్నరు. 2009 నాటికి రాజ్యసభ పిటిషన్ల కమిటీకి అధ్యక్షుడు నెల్లూరు జిల్లాకు చెందిన ఎం. వెంకయ్యనాయుడు గారు.

బ్రిటన్‌లో ఇప్పుడు కంప్యూటర్ మీద పిటిషన్ పెడితే, 10,000 సంతకాలు దాటినంక ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష దాటితే సభలో చర్చకు తీసుకోవచ్చునా అని చూస్తారు. మన దగ్గర తలకాయలు లెక్కపెట్టే పద్ధతి లేదు. ఒక్క మనిషి రాసినా పిటిషనే.

కాగితం ఎట్ల ఉండాలి?

లోక్‌సభ నియమాల్లో ఉన్నవి ఇవి. వరుసగా రాస్తున్న, నోట్ చేసుకోండి.

1. పిటిషన్‌ను సభ పేరుమీదనే రాయాలి. ముందు ఎవరు రాస్తున్నరు, తర్వాత బాధ ఏమిటి, చివరికి ఏం కోరుతున్నరు, ఈ మూడూ స్పష్టంగా ఉండాలి.

2. భాష మర్యాదగా ఉండాలి. తిట్లు ఉంటే తీసుకోరు.

3. హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. తెలుగులో రాస్తే దానికి హిందీ లేక ఇంగ్లీషు అనువాదం జతచేసి, ఆ అనువాదం మీద కూడా సంతకం పెట్టాలి.

4. సంతకం పెట్టిన ప్రతి ఒక్కరి పూర్తి పేరు, చిరునామా రాయాలి. చదువు రానివాళ్లు వేలిముద్ర వేయవచ్చు.

5. ఎక్కువ మంది ఉంటే, కనీసం ఒకరి సంతకమో వేలిముద్రో పిటిషన్ రాసిన కాగితం మీదనే ఉండాలి. వేరే కాగితాల మీద సంతకాలు తీసుకొని, తర్వాత ముందర ఏదైనా రాసి అతికించకుండ ఈ జాగ్రత్త.

6. వేరే ఉత్తరాలు, అఫిడవిట్లు దానికి జతచేయవద్దు.

7. ఎంపీ ద్వారా ఇస్తే ఆయన కూడా దానిమీద సంతకం చేయాలి. నేరుగా లోక్‌సభ సెక్రటరీ జనరల్‌కు కూడా పంపవచ్చు.

నాలుగోది సార్ చదివినప్పుడు నేను ఇంకోసారి చదవమన్న. వేలిముద్ర అని నియమంలనే ఉన్నది! మా దాదా ఎక్కడికి పోయినా "నాకు సంతకం రాదు సార్" అని తల దించుకొని చెప్తడు. ఢిల్లీల చట్టాలు చేసే సభ దగ్గర మాత్రం కలెక్టర్ సంతకం, మా దాదా వేలు ఒక్కతీరే. కానీ ఆ వేలు ఎవరిదో, ఏ ఊరిదో పక్కన రాయాలె. పాత కాగితంల లేనిది అదే.

ఇంకో సంగతి. పేరూ ఊరూ లేని ఉత్తరాలను కమిటీ చూడదు. వేరే ఆఫీసుకు రాసి "నకలు మీకు" అని పంపిన ఉత్తరాలను కూడా మామూలుగా చూడదు. తండావాళ్లు నాలుగు ఆఫీసులకు పంపితే ఎవరో ఒకరు చూస్తరనుకున్నరు. నాకు అనిపించేది ఏందంటే, ప్రతి ఒక్కరు "ఇది నాది కాదు" అనుకొని ఉంటరు.

ఏ సంగతి తీసుకుంటారు, ఏది తీసుకోరు?

సభ ముందున్న బిల్లు గురించి, సభ ముందున్న వేరే పని గురించి, లేక ప్రజలందరికీ సంబంధించిన విషయం గురించి రాయవచ్చు. కానీ కోర్టులో నడుస్తున్న సంగతి తీసుకోరు. రాష్ట్ర శాసనసభలో అడగాల్సినది తీసుకోరు. చట్టంలోనే వేరే దారి ఉన్నదాన్ని కూడా తీసుకోరు.

మన దగ్గరి ఉదాహరణలు చూద్దాం. మన హాస్టల్‌కు మంచినీళ్ల బోరు కావాలంటే అది ఢిల్లీ పని కాదు, రాష్ట్రం పని. సోమవారం కలెక్టర్ ఆఫీసులో ప్రజావాణిలో ఇవ్వవచ్చు. మన శాసనసభకు కూడా పిటిషన్ల కమిటీ ఉన్నది. అదే పసుపుకు కనీస మద్దతు ధర కావాలంటే అది కేంద్రం నిర్ణయించేది. పసుపు ఆ మద్దతు ధరల పట్టికలో లేదు. కాబట్టి ఆర్మూర్ మార్కెట్‌కు కొమ్ములు తీసుకపోయే రైతు లోక్‌సభకు పిటిషన్ పెట్టే సంగతి అది. మన రైతులు 2019లో ఇంకో దారి పట్టిండ్రు. పసుపు బోర్డు, ధర కావాలని గుంపుగా నామినేషన్లు వేస్తే నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది పోటీలో నిలిచిండ్రు, ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటు యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న మొదలైంది, దాని కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లనే ఉన్నది. ధర సంగతి మాత్రం ఇంకా తెగలే.

కాగితం లోపలికి పోయినంక?

ముందు సభ సిబ్బంది నియమాల ప్రకారం ఉందా అని చూస్తారు. స్పీకర్ ఒప్పుకుంటే సభలో ప్రవేశపెడతారు, అక్కడి నుంచి అది కమిటీకి పోతుంది. కమిటీ సంబంధిత మంత్రిత్వ శాఖను వివరణ అడుగుతుంది. అవసరమైతే పిటిషన్ పెట్టినవారినీ, అధికారులనూ పిలిచి మాటలు వింటుంది. ఆ చోటికి పోయి కళ్లతో చూసి వస్తుంది కూడా. చివరికి రిపోర్టు రాసి సభకు ఇస్తుంది. ఆ సిఫారసుల మీద ఏం చేసిందో ప్రభుత్వం మళ్లీ కమిటీకి చెప్పాలి.

"అయితే కమిటీ చెప్పినంక పని అయినట్టేనా సార్?" అని అడిగిన. "కాదు. కమిటీ సిఫారసు చేస్తది, హుకుం ఇయ్యదు" అన్నరు సార్.

దీనికి మంచి ఉదాహరణ మాజీ సైనికులది. ఒకే హోదాలో, ఒకే కాలం నౌకరీ చేసి దిగిపోయినవారికి, ఏ ఏడు రిటైర్ అయినా ఒకే పెన్షన్ ఇవ్వాలని వారు అడిగిండ్రు. ఆ పిటిషన్‌ను భగత్ సింగ్ కోశ్యారీ అధ్యక్షతన రాజ్యసభ కమిటీ చూసి, 2011 డిసెంబర్‌లో తన 142వ రిపోర్టులో "ఇవ్వాలి" అని రాసింది. ప్రభుత్వం ఒప్పుకున్నది 2014 ఫిబ్రవరిలో. ఉత్తర్వు వచ్చింది 2015 నవంబర్‌లో. రిపోర్టు నుంచి ఉత్తర్వుకు దాదాపు నాలుగేండ్లు. కానీ కమిటీ రాసిన ఆ రిపోర్టు లేకపోతే పట్టుకొని అడగడానికి వాళ్ల చేతిల ఏం ఉంటుండె?

మరి మా దాదా పోడు?

ఇది చెప్పడానికి ఇంకో రకం కమిటీ గురించి చెప్పాలె. పిటిషన్ల కమిటీ ఎప్పుడూ ఉండేది. ఒక్కొక్క బిల్లును చూడటానికి రెండు సభల సభ్యులతో ఆ పనికోసమే వేసే కమిటీ వేరు. దానిని సంయుక్త కమిటీ అంటారు. అది కూడా ప్రజల నుంచి వినతులు తీసుకుంటుంది.

అటవీ హక్కుల బిల్లు 2005 డిసెంబర్ 13న పార్లమెంటుకు వచ్చింది. 1980 అక్టోబర్ 25 కంటే ముందు నుంచి సాగు చేసుకుంటున్న గిరిజనులకే హక్కు అని అందులో ఉండె. బిల్లు సంయుక్త కమిటీకి పోయింది. దాని అధ్యక్షుడు అప్పటి విజయనగరం జిల్లా కురుపాంకు చెందిన వి. కిశోర్ చంద్రదేవ్, అప్పుడు పార్వతీపురం ఎంపీ. ఆ తారీఖును 2005 డిసెంబర్ 13కు మార్చాలని కమిటీ చెప్పింది. 2006లో చట్టం ఆ తారీఖుతోనే వచ్చింది. భూమికి గరిష్ఠ పరిమితే వద్దని కూడా కమిటీ చెప్పింది, కానీ చట్టంలో 4 హెక్టార్లు అని పెట్టిండ్రు. ఒక మాట విన్నరు, ఒక మాట వినలే.

ఇక్కడ నేను లెక్క వేసుకున్న. మా దాదా ఆ చెలక కొట్టింది మా బాపు పుట్టినంక, 1980 దాటినంక. పాత తారీఖే ఉంటే మా దాదా అడగడానికి కూడా లేకుండె. ఢిల్లీకి మా తండా నుంచి ఒక్క మంచి కాగితం పోలే. ఎక్కడెక్కడి వాళ్లో అడిగినందుకు మాకు దారి తెరుచుకున్నది. ఆ సంగతి మా తండాల ఎవ్వరికీ తెల్వది.

కానీ ఇప్పుడు దాదా పని పార్లమెంటుది కాదు. చట్టంలోనే దారి ఉన్నది: గ్రామసభ, దాని మీద డివిజన్ కమిటీ, దాని మీద కలెక్టర్ గారు పెద్దగా ఉండే జిల్లా కమిటీ. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి, అప్పీలుకు 60 రోజుల గడువు ఉంటుంది. ఊరి పెద్దమనుషులు చెప్పిన మాటను రాసి పెడితే అది కూడా ఒక సాక్ష్యమే. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఇలాంటి వినతి మన రాష్ట్రంలో తెలుగులోనే ఇవ్వవచ్చు.

పోయిన ఆదివారం దాదా మళ్ల వచ్చిండు. "ఢిల్లీకి రాసినవా?" అని అడిగిండు. "లేదు దాదా, మన డివిజన్‌కు రాసిన" అన్న. కొంచెం మొఖం చిన్నబోయింది. నా దరఖాస్తు మీద ఏం నిర్ణయం చేసిండ్రు, కారణం రాసియ్యండి అని మాత్రమే ఆ కాగితంల ఉంది. చదివి వినిపించిన. పేరు, తండ్రి పేరు, తండా, మండలం, తారీఖు, అన్నీ రాసిన. వేలు పెట్టినంక పక్కన "ఇది ఫలానా వారి ఎడమ బొటనవేలి నిశాని" అని రాస్తే, "నా పేరు రాసినవా, సూపియ్యి" అని ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసిండు. ఇచ్చినప్పుడు ముట్టినట్టు రసీదు తీసుకో, పారేయకు అని చెప్పి పంపిన. రసీదు వచ్చింది. జవాబు ఇంకా రాలే.

మిత్రులారా, మీ ఇంట్ల కూడా ఇసొంటి కాగితం ఉంటే వచ్చే ఆదివారం తెప్పించుకోండి. ఎవరికి, ఎవరు, ఏం కావాలె, ఏ తారీఖు, ఈ నాలుగూ ఉన్నయా చూద్దాం. లేకపోతే కూర్చొని మళ్ల రాద్దాం. స్టడీ అవర్ అయినంక అరగంట లైటు ఉంచుతమని వార్డెన్ సార్ ఒప్పుకున్నరు.