ప్రాసెసర్ వేగాన్ని ప్రోగ్రామ్ ఎందుకు అందుకోలేకపోతున్నది?

కార్యాలయానికి కొత్త కంప్యూటర్ వచ్చిన వారం రోజులూ అందరికీ ఉత్సాహమే. నెల తిరిగేసరికి "పాతదే నయమండీ" అనే మాట ఏదో ఒక విభాగం నుండి వినవస్తుంది. యంత్రం పూర్వపు దానికంటె అనేక రెట్లు శక్తిమంతమైనదని కొనుగోలు పత్రాలు చెబుతున్నా, పని మాత్రం ఆ నిష్పత్తిలో వేగవంతం కావడం లేదు. లోపమెక్కడున్నదని సహోద్యోగులూ, కంప్యూటర్ చదువులు చదువుతున్న వారి పిల్లలూ మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. మాకు తెలిసినంతలో ఆ విషయాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

ముందుగా యంత్రం సంగతి. ఒక చిప్పుపై అమర్చగల విడిభాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతుందని గోర్డన్ మూర్ 1965లో అంచనా వేశారు. 1975లో దానిని రెండేళ్లకొకసారి అని సవరించారు. 1971లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 4004 ప్రాసెసర్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లుండగా, నేటి పెద్ద ప్రాసెసర్లలో ఆ సంఖ్య వేల కోట్లకు చేరింది. ఈ వృద్ధి వెనుకనున్న కిటుకు పునరావృత్తి. మెమరీలోని ఒక్క గదిని చక్కగా రూపొందిస్తే చాలు, దానినే కోట్లసార్లు అచ్చు వేయవచ్చు. ప్రోగ్రామ్‌లో ఈ సౌలభ్యం లేదు. ఒకే పని రెండుచోట్ల అవసరమైతే, ప్రోగ్రామర్ దానిని ఒకచోట వ్రాసి రెండుచోట్ల నుండి పిలుస్తాడు. కనుక మిగిలేవన్నీ ఒకదానినొకటి పోలని భాగాలే. వాటిలో ప్రతిదానినీ ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించవలసినదే.

దీనికి మనందరికీ పరిచయమైన ఉదాహరణ జీతాల ప్రోగ్రామ్. మేము ఉద్యోగంలో చేరిన 1990వ దశకం తొలినాళ్లలో అది కోబాల్ భాషలో ఉండేది. పైకి చూస్తే కూడికలు, తీసివేతలు, శాతాలు. కాని మూల వేతనం, కరువు భత్యం, షిఫ్టు భత్యం, ఓవర్‌టైము, భవిష్య నిధి, సొసైటీ అప్పు, పండుగ అడ్వాన్సు, వీటిలో ప్రతిదానికీ ఒక నియమం, ప్రతి నియమానికీ ఒక మినహాయింపు. వేతన ఒప్పందం వెనుకటి తేదీ నుండి అమలులోకి వస్తే, ఆ మధ్యకాలంలో పదోన్నతి పొందినవారికీ, జీతం లేని సెలవు పెట్టినవారికీ, పదవీ విరమణ చేసినవారికీ బకాయిలు వేర్వేరుగా లెక్క కట్టాలి. యంత్రం పదిరెట్లు వేగవంతమైతే జీతాల పట్టీ త్వరగా అచ్చవుతుంది. ఒప్పందంలోని ఒక క్లాజుకు ఫైనాన్సు వారు చెప్పే అర్థమూ, పర్సనల్ విభాగం వారు చెప్పే అర్థమూ ఒకటేనని తేల్చుకోవడానికి పట్టే కాలం మాత్రం ఒక్క గంట కూడా తగ్గదు.

అటువంటప్పుడు మనుషులను పెంచితే సరిపోదా అని అడగవచ్చు. ఐ.బి.ఎం. సంస్థ 1960వ దశకంలో సిస్టమ్/360 యంత్రాల కోసం ఆ ప్రయత్నమే చేసింది. వాటికి తయారైన ఓఎస్/360 అనే ప్రోగ్రామ్ వ్యవస్థపై పెద్దసంఖ్యలో మనుషులు పనిచేసినా, అది యంత్రాల కంటె ఆలస్యంగానే సిద్ధమయింది. ఆ పనికి నాయకత్వం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ప్రచురించిన గ్రంథంలో ఇందుకు కారణం వివరించారు: కొత్తగా చేరినవారికి నేర్పవలసినది అప్పటికే పనిలో తలమునకలుగా ఉన్నవారే. గోడ కట్టడానికి మేస్త్రీలను పెంచవచ్చును గాని, ఇక్కడ అది చెల్లదు.

రెండవ చిక్కు పాత సామాను. ఇంటెల్ 386 ప్రాసెసర్ 1985లో వెలువడింది. అది 32 బిట్ల యంత్రం. 400 కోట్ల బైట్లకు పైగా మెమరీని సూటిగా చేరగల శక్తి దానికి ఉండేది. అయినా సామాన్య వినియోగదారులలో అత్యధికులు దానిపై నడిపినది 1981 నాటి యంత్రం కోసం పుట్టి, 640 కిలోబైట్ల హద్దులో మసలిన డాస్‌నే. 32 బిట్ల పద్ధతి ఇంటింటికీ చేరడానికి విండోస్ 95 రావలసివచ్చింది, అంటే పదేళ్లు. అందులోనూ పాత 16 బిట్ల భాగాలు కొన్ని మిగిలే ఉన్నాయి. ఇది అజ్ఞానం కాదు. జనం డబ్బు పెట్టి కొనుక్కున్న ప్రోగ్రాములు కొత్త యంత్రంపై నడవకపోతే ఆ యంత్రాన్ని ఎవరు కొంటారు?

పాతదానిని అట్లే మోసుకువెళ్లడంలో ప్రమాదమూ లేకపోలేదు. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే నేలరాలింది. దాని దిశానిర్దేశక పరికరంలోని ప్రోగ్రామ్‌ను ఏరియాన్ 4 నుండి తీసుకున్నారు. కొత్త రాకెట్ అడ్డదిశలో అందుకున్న వేగం ఎక్కువ కావడంతో, దానికి సంబంధించిన ఒక సంఖ్య 16 బిట్లలో ఇమడలేదు. ఇంజను వెలిగిన సుమారు 37 సెకన్లకు పరికరమూ, దానికి తోడుగా ఉంచిన రెండవ పరికరమూ ఒకే కారణంతో మూగబోయాయి. నాలుగు ఉపగ్రహాలు బూడిదయ్యాయి. విచిత్రమేమంటే, ఆ లెక్కతో ఏరియాన్ 5కు నేల విడిచిన తరువాత పనే లేదు.

2004 తరువాత సమస్య మరొక మలుపు తిరిగింది. అంతవరకు కొత్త చిప్పు వస్తే పాత ప్రోగ్రామ్ దానంతటదే వేగంగా నడిచేది. వేడిమి భరించరానిది కావడంతో, ఆ ఏడు ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ఆలోచనను విరమించుకున్నది. 2005 నుండి ఒకే చిప్పులో రెండు, ఆపై నాలుగు, ఎనిమిది కోర్లను అమర్చడం పరిపాటి అయింది. కోర్లు పెరిగినంత మాత్రాన ఫలితం రాదని జీన్ ఆమ్డాల్ 1967లోనే చెప్పియున్నారు. పెళ్లి వంట చూడండి. కూరగాయలు తరగడానికి పదహారుగురిని పెట్టవచ్చు. పప్పు ఉడకడానికి పట్టే సమయం మారదు. నూరు నిమిషాల పనిలో పది నిమిషాలు విడదీయరాని భాగమైతే, పదహారు కోర్లు పెట్టినా పని 15 నిమిషాలకు పైగానే పడుతుంది, వేగం 6.4 రెట్లే. కోర్లు లక్ష చేసినా ఆ పది నిమిషాలు తప్పవు. మన దేశంలో సి-డాక్ సంస్థ 1991లో పరమ్ 8000ను నిర్మించినప్పుడు, ప్రాసెసర్లను కలపడంతో ఆగక, పనిని వాటికి పంచి వ్రాయడానికి పరాస్ అనే ప్రోగ్రామింగ్ వ్యవస్థను కూడా రూపొందించింది ఇందుకే.

ప్రోగ్రాములు అనవసరంగా లావెక్కుతున్నాయని నిక్లాస్ విర్త్ 1995లో విమర్శించారు. అందులో నిజం లేకపోలేదు. కాని ఆ లావులో కొంత, ప్రోగ్రామర్ శ్రమను ఆదా చేసినందుకు యంత్రం చెల్లిస్తున్న మూల్యమని మా అభిప్రాయం.

కొత్త సర్వర్ ప్రతిపాదనలో కోర్ల సంఖ్యకు, మెమరీకి గడులుంటాయి. మన ప్రోగ్రాములలో ఏది ఎన్ని కోర్లను వాడుకోగలదో చెప్పే గడి మాకు కనిపించదు. జీతాలు, స్టోర్సు, ఉత్పత్తి లెక్కల ప్రోగ్రాములను మొదటినుండీ ఎరిగిన తరం ఇప్పుడు పదవీ విరమణ వరుసలో ఉన్నది. మేమూ అందులోని వారమే. ఏ మినహాయింపు ఏ ఒప్పందం వలన చేరిందో చాలాచోట్ల ప్రోగ్రామ్‌లో వ్రాసి లేదు, వారి జ్ఞాపకంలోనే ఉన్నది. అట్టివారి ప్రక్కన ఇద్దరేసి యువ ఇంజనీర్లను ఏడాదిపాటు కూర్చుండబెట్టి ఆ వివరాలన్నీ వ్రాయించడానికి, సర్వర్‌కు కేటాయించే సొమ్ములో కొంత మళ్లించాలని మా సూచన. సర్వర్ ఆరు నెలలు ఆలస్యమైనా మరల కొనవచ్చును.