అన్ని క్రిములూ ఒకటి కావు – సూక్ష్మజీవుల పరిచయం

మనకు జ్వరం వచ్చినా, సాంబారు పాచిపోయినా, గుంటలో రొయ్య చచ్చినా “ఏదో క్రిమి పట్టింది” అని ఒకే మాట అనేస్తాం. కాని క్రిములన్నీ ఒకే జాతి కావు. అది ఏ జాతిదో తెలిస్తేనే దానికి మందు ఉన్నదీ లేనిదీ, దాన్ని ఎలా అడ్డుకోవాలో తెలుస్తుంది. ఈ సంగతులు చెప్పే శాస్త్రమే సూక్ష్మజీవశాస్త్రం, అంటే మైక్రోబయాలజీ.

సూక్ష్మదర్శిని లేకుండా కంటికి కనిపించని జీవులే సూక్ష్మజీవులు. హాలెండు దేశపు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తాను స్వయంగా అరగదీసుకున్న కటకాలతో 1674లో సరస్సు నీటిలో వీటిని చూశాడు. ఇవే రోగాలకు కారణమని పాశ్చర్, కాక్ వంటివారు నిరూపించడానికి మరో రెండు వందల ఏళ్ళు పట్టింది. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. బాక్టీరియా చాలావరకు 1 నుంచి 5 మైక్రాన్ల పొడవు ఉంటాయి. వైరస్‌లు వాటికన్నా ఎంతో చిన్నవి.

ముఖ్యమైన రకాలు

1. బాక్టీరియా: ఇవి కేంద్రకం లేని ఏకకణ జీవులు. పాలు తోడుకునేది, ఇడ్లీ పిండి పులిసేది వీటివల్లనే. టైఫాయిడ్, క్షయ, కలరా తెచ్చేవి కూడా బాక్టీరియాలే. రొయ్యలను చంపే విబ్రియోలలో కొన్ని, కలరా క్రిమి ఒకే ప్రజాతికి చెందినవి. మరోవైపు గుంట అడుగున మిగిలిన మేత కుళ్ళి పుట్టే అమ్మోనియాను, దాని విషం తగ్గేలా మార్చేవి కూడా బాక్టీరియాలే.

2. ఆర్కియా: చూడటానికి బాక్టీరియాలాగే ఉన్నా ఇవి వేరే జాతి. చాలా జీవులు బతకలేనంత ఉప్పులోనూ వీటిలో కొన్ని బతుకుతాయి. ఎండాకాలంలో ఉప్పు మడుల్లో చిక్కబడ్డ నీరు గులాబీ రంగుకు తిరగడానికి ఇవి ఒక ముఖ్య కారణం.

3. శిలీంధ్రాలు: ఈస్టు, రొట్టె మీది బూజు, మన చర్మం మీది తామర ఈ జాతివి. రొయ్య ఎదగకుండా చేసే ఇ.హెచ్.పి. అనే జీవి వీటికి దగ్గరి చుట్టం. దాన్ని 2009లో థాయ్‌లాండ్‌లో గుర్తించారు.

4. ప్రోటోజోవా: ఇవి కేంద్రకం ఉన్న ఏకకణ జీవులు. జిగట విరేచనాలు కలిగించే ఒక రకం అమీబా, మలేరియా పరాన్నజీవి ఇందులోవి. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే కనుగొన్నాడు.

5. శైవలాలు: గుంట నీటికి పచ్చరంగు ఇచ్చేవి ఇవి. పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రి ఇవీ ఆక్సిజన్‌నే పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఏరియేటర్లు ఆ వేళలో ఆగకూడదనేది ఇందుకే.

6. వైరస్‌లు: ఇవి కణాలు కావు. ఇంకో జీవి కణంలోకి దూరితేనే పెరుగుతాయి. జలుబు, డెంగీ, రేబీస్, కోవిడ్ వీటివల్ల వచ్చేవే. బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ వీటిని ఏమీ చేయలేదు.

తెల్లమచ్చలు నేర్పిన పాఠం

ఈ ఆఖరి మాట విలువ నెల్లూరు తీరానికి బాగా తెలుసు. 1990ల మొదట్లో ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు టైగర్ రొయ్యల గుంటలు జోరుగా వెలిశాయి. 1994లో తూర్పు తీరానికి తెల్లమచ్చల వ్యాధి వచ్చింది. పెంకు మీద తెల్లటి మచ్చలు కనిపించిన గుంట వారం పదిరోజుల్లో మొత్తం ఖాళీ అయ్యేది. అది వైరస్. ఎన్ని మందులు పోసినా లొంగేది కాదు. మనలో ఎన్నో ఇళ్ళవాళ్ళు గుంటల కాపలాకో, పట్టుబడికో, రొయ్యల తలలు తీసే షెడ్లకో వెళ్ళేవాళ్ళు. గుంట పోతే రైతుకు అప్పు మిగులుతుంది, వీళ్ళకు కూలి పోతుంది.

మందు లేనిచోట అడ్డుకోవడమే మార్గం. సీడును పి.సి.ఆర్. పరీక్ష చేయించడం, నీటిని బ్లీచింగ్‌తో శుద్ధి చేయడం, వ్యాధిని మోసుకొచ్చే పీతలు రాకుండా గుంట చుట్టూ వల కట్టడం అలా వచ్చిన పద్ధతులే. 2009 నుంచి అనుమతించిన వెనామీ సాగుకూ ఈ జాగ్రత్తలు తప్పవు. క్లోరాంఫెనికాల్ వంటి యాంటీబయాటిక్స్ వాడకాన్ని రొయ్యల సాగులో నిషేధించారు. వాటి అవశేషాలు దొరికితే విదేశాలకు వెళ్ళిన సరుకు తిరిగి రావచ్చు.

మన హాస్టల్‌కూ ఇదే పాఠం

మామూలు జలుబుకు షాపులో యాంటీబయాటిక్ కొని మింగితే లాభం లేదు. డాక్టరు రాసిచ్చినప్పుడు మాత్రం చెప్పినన్ని రోజులూ వాడాలి. అడ్డదిడ్డంగా వాడితే మందుకు లొంగని బాక్టీరియా మిగిలి పెరుగుతుంది. తామరకు స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే ముందు దురద తగ్గినట్లుంటుంది కాని తామర ఇంకా పాకుతుంది. ఒకరి తువ్వాలు ఒకరు వాడటం మానాలి. ఇక గజ్జి విషయానికొస్తే, అది ఈ ఆరు రకాల్లో ఏదీ కాదు. చర్మంలో బొరియ చేసుకునే ఎనిమిది కాళ్ళ చిన్న పురుగు దానికి కారణం. గదిలో అందరూ ఒకే రోజు మందు రాసుకుని, బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికితేనే పోతుంది. ఒక్కరే రాసుకుంటే పక్కవాడి నుంచి మళ్ళీ అంటుకుంటుంది. ట్యాంకు కడిగి క్లోరిన్ కలపడం, అన్నానికి ముందు, దొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పనులు.

సూక్ష్మజీవులు మందులు కూడా ఇస్తాయి. తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని అమెరికా పరిశోధనశాలలో, మట్టిలోని ఒక బాక్టీరియా నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది.

బైపీసీ చదివే తమ్ముళ్ళూ! ముత్తుకూరులో 1991 నుంచి మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. మన నాన్నలు కాపలా కాసిన గుంటల నీటిని రేపు మనమే సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో ఉన్నది ఏ జాతి క్రిమో వాళ్ళకు చెప్పగలగాలి.