మీకు తెలుసా? అర్ధరాత్రి దాకా సాగే పందెం

ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్ ఎంత దూరమో మన రోడ్డు మీదే కొలిచి చూద్దాం. ముందు సముద్రంలోనో సరస్సులోనో 3.86 కిలోమీటర్ల ఈత. ఒడ్డుకు రాగానే 180 కిలోమీటర్ల సైకిల్. అంటే హైదరాబాద్‌లో ఎక్కి ఇంచుమించు కోదాడలో దిగడం. అక్కడ సైకిల్ ఆపి 42.2 కిలోమీటర్ల పరుగు, దాదాపు నందిగామ దాకా. ఇదంతా ఒకే రోజు, ఒకే ఊపున, 17 గంటల లోపు. గెలిచేవాళ్లు ఎనిమిది గంటల్లోనే ముగించేస్తారు. పత్రికల్లో వాళ్ల ఫొటోలే వస్తాయి. ఆ తర్వాత తొమ్మిది గంటల పాటు ఒక్కొక్కరుగా వచ్చేవాళ్ల కోసం నాకీ పందెం ఇష్టం.

ఈ దూరాలు ఎవరో రౌండ్ ఫిగర్లుగా ఎంచుకున్నవి కావు, గమనించారా? దానికి కారణం హవాయిలోని ఒవాహూ దీవి. అక్కడ అప్పటికే మూడు వేర్వేరు పోటీలు జరుగుతుండేవి: వైకికీ తీరంలో 2.4 మైళ్ల ఈత, దీవి చుట్టూ 115 మైళ్ల సైకిల్ పోటీ, హొనొలులు మారథాన్. ఈతగాళ్లు గట్టివాళ్లా, పరుగు తీసేవాళ్లా, సైకిల్ తొక్కేవాళ్లా అని అక్కడి వాళ్ల మధ్య వాదన లేచింది. అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ మూడింటినీ ఒకే రోజులో కలిపేస్తే వాదన తేలిపోతుందన్నారు. సైకిల్ దారిలో మూడు మైళ్లు తగ్గిస్తే ఈత ముగిసిన చోట ఎక్కి, మారథాన్ మొదలయ్యే అలోహా టవర్ దగ్గర దిగవచ్చు. అలా 115 కాస్తా 112 మైళ్లు, అంటే పైన చెప్పిన 180 కిలోమీటర్లు అయింది. ఈ రోజు జర్మనీలో పోటీ పడినా, న్యూజిలాండ్‌లో పడినా తొక్కేది ఆ దీవి చుట్టూ ఉన్న దూరాన్నే.

మొదటి పోటీ 1978 ఫిబ్రవరి 18న జరిగింది. 15 మంది బయలుదేరారు, 12 మంది పూర్తి చేశారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల్లో గెలిచాడు. దారిలో నీళ్లిచ్చే బల్లలు లేవు. ఎవరికి కావలసింది వాళ్ల స్నేహితులే బండిలో వెంట తేవాలి. రెండో స్థానంలో వచ్చిన జాన్ డన్‌బార్ బృందం దగ్గర నీళ్లు అయిపోతే అతనికి బీరు తాగించారు. పూర్తి చేసినవాళ్లకు కాలిన్స్ స్వయంగా జ్ఞాపికలు తయారుచేసి ఇచ్చాడు: గొట్టాన్ని మనిషి ఆకారంలో వంచి, తల ఉండాల్సిన చోట ఒక నట్టు బిగించాడు. ఆ మరుసటి ఏడాది లిన్ లెమేర్ అనే ఒకే ఒక్క మహిళ బరిలో దిగి మగవాళ్లతో కలిపి అయిదో స్థానంలో వచ్చింది.

ఈ ఆటను ప్రపంచానికి చూపించింది మాత్రం గెలిచిన మనిషి కాదు. 1982 ఫిబ్రవరిలో జూలీ మాస్ అనే కాలేజీ విద్యార్థిని తన చదువులో భాగంగా ఈ పోటీకి వచ్చింది. మారథాన్ చివరి దాకా మహిళల్లో ముందుంది. ముగింపు గీత కనిపిస్తుండగా కాళ్లు సహకరించక కూలిపోయింది. లేచింది, మళ్లీ పడింది. చివరి కొద్ది గజాల్లో కాథ్లీన్ మెకార్ట్‌నీ ఆమెను దాటి గెలిచింది. జూలీ మోకాళ్ల మీద, చేతుల మీద పాక్కుంటూ వచ్చి 29 సెకన్ల తర్వాత గీత తాకింది. ఆ దృశ్యం అమెరికా టీవీలో వచ్చాక ఈ పోటీకి పేర్లిచ్చేవాళ్లు పెరిగిపోయారు. పడిపోయిన మనిషి లేచి ముగించడమే జనానికి గుర్తుండిపోయింది. అది సబబే అనిపిస్తుంది నాకు.

ఇక మన వాళ్ల సంగతికి వస్తే, విదేశంలో పోటీ అంటే బరువంతా ఈత, సైకిల్, పరుగుల మీదే ఉండదు. ముందు సైకిల్ విమానం ఎక్కాలి. పెట్టెలో పట్టాలంటే చక్రాలు తీయాలి, హ్యాండిల్ తిప్పాలి, పెడళ్లు ఊడదీయాలి. ఇక్కడే కొత్తవాళ్లకు చిక్కు. కుడి పెడల్ మామూలు మర లాగే ఊడుతుంది. ఎడమ పెడల్ మర మాత్రం తిరగబడి ఉంటుంది. మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది, బలం పెట్టి తిప్పితే మర పాడవుతుంది. తొక్కేటప్పుడు దానంతట అది వదులు కాకూడదనే అలా చేస్తారు. దిగాక మళ్లీ బిగించుకోవాలి కాబట్టి పానా సామానులోనే ఉండాలి. టైరులో ఒక్క క్షణంలో గాలి నింపే గ్యాస్ సీసాలను విమానంలోకి అనుమతించడం అనుమానమే. పోటీ జరిగే ఊరిలో దిగాకే కొనుక్కోవడం మంచిది.

తర్వాత నిద్ర. ప్రపంచ పోటీ జరిగే హవాయికీ మనకూ పదిహేనున్నర గంటల తేడా. అక్కడ ఉదయం ఆరున్నరకు నీళ్లలో దిగే వేళకు మనకు రాత్రి పది. ఇంటి నుంచి వచ్చి రెండు రోజులే అయిన శరీరం పడుకునే వేళ అయిందని పట్టుబడుతుంది. అందుకే సర్దుబాటుకు వారం చేతిలో పెట్టుకుని వెళ్లమంటారు అనుభవజ్ఞులు. ఇంట్లో వాళ్లకు ఇదే లెక్క ఇంకో రకంగా తగులుతుంది. పోటీదారు చీలమండకు ఒక చిప్ కట్టి ఉంటుంది. దారిలో పరిచిన మ్యాట్‌ల మీదుగా వెళ్లిన ప్రతిసారీ అది సమయం పంపుతుంది. హైదరాబాద్‌లో కూర్చున్న అమ్మ రాత్రంతా ఫోన్ చూస్తూ, తెల్లవారాక కాఫీ పెట్టుకుని మళ్లీ చూస్తూ ఉండవచ్చు. ఆ పోటీ జరిగే కోనా ఊరిలో అర్ధరాత్రి గడువు ముగిసేసరికి ఇక్కడ మర్నాడు మధ్యాహ్నం మూడున్నర.

ఇక ఈత. స్విమ్మింగ్ పూల్ అడుగున నల్ల గీత ఉంటుంది, దాని మీదుగా ఈదితే చాలు. సరస్సులో గీత ఉండదు, పక్కన వందల చేతులు నీళ్లు చిమ్ముతుంటాయి. నాలుగైదు బారలకు ఒకసారి మొసలిలా కళ్లు మాత్రం నీటి పైకి లేపి, ముందున్న బోయా ఎక్కడుందో చూసుకుని, అదే ఊపులో పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవాలి. ఇది రాకపోతే వంకర దారిలో అదనంగా ఎన్నో మీటర్లు ఈదుతారు. యూరప్ సరస్సుల చలి మన వాళ్లకు మరో పరీక్ష. సాధారణ పోటీదారులకు నీరు 24.5 డిగ్రీలకు మించకపోతే రబ్బరు వెట్‌సూట్ వేసుకునే వీలుంటుంది. అది వెచ్చదనంతో పాటు శరీరాన్ని తేల్చి కూడా ఉంచుతుంది. కోనా సముద్రం వెచ్చన కాబట్టి అక్కడ వెట్‌సూట్ లేదు.

ఒలింపిక్ ట్రయథ్లాన్‌లో సైకిళ్లు గుంపుగా వెళ్తాయి. ఐరన్‌మ్యాన్‌లో అది తప్పు. ముందు సైకిల్ వెనక నక్కితే గాలి దెబ్బ తప్పుతుంది, శక్తి మిగులుతుంది కదా. అందుకని సాధారణ పోటీదారులు 12 మీటర్ల దూరం పాటించాలి. దాటాలనుకుంటే 25 సెకన్లలో దాటెయ్యాలి. మోటార్ సైకిల్ మీద తిరిగే రెఫరీ నీలం కార్డు చూపించాడంటే తర్వాతి శిక్షా గుడారం దగ్గర ఆగి అయిదు నిమిషాలు నిలబడాలి. సైకిల్‌ను స్టాండ్ నుంచి తీయకముందే హెల్మెట్ పట్టీ బిగించి ఉండాలి. పాటలు వినే ఇయర్‌ఫోన్లు నిషేధం. ఇంట్లో వాళ్లు రోడ్డు పక్కన నిలబడి అరటిపండు అందించినా బయటి సాయం కిందికే వస్తుంది. వాలంటీర్లు అందిస్తే తీసుకోవచ్చు. ఈ కాఠిన్యం నాకు నచ్చుతుంది, ఎందుకంటే 180 కిలోమీటర్లు ఎవరి కాళ్లతో వాళ్లే తొక్కారని గట్టిగా చెప్పగలిగేది దీని వల్లే.

మరి తిండి? శరీరంలో దాచుకున్న పిండిపదార్థం ఇచ్చే శక్తి రెండు వేల కిలో కాలరీలకు అటూ ఇటూ. పోటీకి దానికి ఎన్నో రెట్లు కావాలి. అందుకే సైకిల్ మీద ఉండగానే గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం లోపలికి పంపుతుంటారు, ఎక్కువగా తియ్యటి జెల్ రూపంలో. ఆరు గంటలు తీపి తిన్న నోరు ఉప్పు కోసం తహతహలాడుతుంది. దారి మధ్యలో అందుకోవడానికి ఒక సంచి ముందే అప్పగించే ఏర్పాటు చాలా పోటీల్లో ఉంటుంది. బస చేసిన చోట వండుకున్న పులిహోర అందులో పెట్టుకుంటే ఎవరూ కాదనరు. ఒక్క జాగ్రత్త: భయం కొద్దీ నీళ్లు మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. దాహం ఎంత ప్రమాదమో అతి నీరూ అంతే ప్రమాదం.

మళ్లీ హవాయికి వద్దాం. 1981లో ఈ పోటీ ఒవాహూ నుంచి హవాయి పెద్ద దీవిలోని కైలువా-కోనాకు మారింది. సైకిల్ దారి నల్లటి లావా బీళ్ల మధ్య నుంచి హావీ ఊరి దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. కింద నుంచి వేడి, పక్క నుంచి మనిషిని తోసేసే గాలి. పరుగులో ఎనర్జీ ల్యాబ్ అనే చోటుంది. లోతు సముద్రం నుంచి చల్లటి నీటిని గొట్టాలతో పైకి తెచ్చి పరిశోధనలు చేసే ప్రాంగణం అది. నీడ లేదు, ప్రేక్షకులూ పలుచనే. ఎందరి గెలుపోటములో అక్కడే తేలిపోయాయి. 2023 నుంచి ప్రపంచ పోటీ మగవాళ్లకు ఒక చోట, ఆడవాళ్లకు ఇంకో చోట, ఫ్రాన్స్‌లోని నీస్‌కూ కోనాకూ మధ్య మారుతూ సాగింది. 2026 నుంచి మళ్లీ అందరికీ కోనాలోనే అని నిర్వాహకులు ప్రకటించారు.

ఇక అర్ధరాత్రి సంగతి. పగలు గెలిచిన చాంపియన్ స్నానం చేసి, తిని, రాత్రి మళ్లీ గీత దగ్గరికి రావడం కోనాలో ఆనవాయితీ. చివరి గంటలో వచ్చేవాళ్లకు చప్పట్లు కొట్టడానికి, మెడలో పతకం వేయడానికి వస్తారు. ప్రపంచంలో నంబర్ వన్ అయిన మనిషి ఆఖరి మనిషి కోసం రాత్రి దాకా ఎదురుచూసే ఆట ఇంకేదైనా ఉందా?

జపాన్‌కు చెందిన హిరోము ఇనాడా ఈత మొదలుపెట్టింది అరవై ఏళ్ల వయసులో. 2015లో కోనాలో గీతకు కొద్ది అడుగుల దూరంలో పడిపోయి, కొన్ని సెకన్ల తేడాతో గడువు దాటేశాడు. ఫలితాల్లో పేరు ఎక్కలేదు. మరుసటి ఏడాది తిరిగి వచ్చి ముగించాడు. 2018లో 85 ఏళ్ల వయసులో మళ్లీ ముగించాడు. అమెరికాలో సిస్టర్ మడోనా బ్యూడర్ అనే క్రైస్తవ సన్యాసిని 2012లో, 82 ఏళ్లకు కెనడా పోటీ పూర్తి చేశారు. 2020 నవంబర్‌లో ఫ్లోరిడాలో క్రిస్ నికిచ్, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో ఈ పోటీ ముగించిన మొదటి మనిషి అయ్యాడు. దారిలో సైకిల్ మీంచి పడ్డాడు, తినడానికి ఆగిన చోట చీమలు కుట్టాయి. 16 గంటల 46 నిమిషాల 9 సెకన్లకు గీత దాటాడు. గడువుకు ఇంకా పద్నాలుగు నిమిషాలైనా లేవు. ఎనిమిది గంటల రికార్డులు నన్ను అబ్బురపరుస్తాయి, నిజమే. ఆ 16 గంటల 46 నిమిషాల లెక్క చదివితే మాత్రం కళ్లు చెమరుస్తాయి.

మన వాళ్లలో నటుడు మిలింద్ సోమన్ 2015లో, యాభై నిండకముందు, జ్యూరిక్‌లో పూర్తి దూరం ముగించాడు. ‘వైల్డ్ డాగ్’లో నాగార్జునతో నటించిన సయామీ ఖేర్ 2024లో బెర్లిన్ దగ్గర సగం దూరం పోటీ పూర్తి చేసింది. ఆ సగం దూరాన్ని 70.3 అంటారు. మూడూ కలిపితే అన్ని మైళ్లు. గోవాలో 2019లో మొదలైన పోటీ కూడా ఈ 70.3 దూరానిదే. పాస్‌పోర్టు అవసరం లేకుండా మొదలుపెట్టాలనుకునే తెలుగు వాళ్లకు దగ్గరి దారి అదే.

కోనాకు మామూలుగా నేరుగా డబ్బు కట్టి వెళ్లడం కుదరదు. సాధారణంగా ఇంకో పోటీలో సాధించిన ఫలితంతో చోటు సంపాదించుకోవాలి. ఆ చోట్లను పోటీ ముగిశాక ఒక సభలో పేర్లు పిలిచి పంచుతారు. పిలిచినప్పుడు అక్కడ లేకపోయినా, వద్దన్నా, చోటు తర్వాతి వాళ్లకు వెళ్లిపోతుంది. అలా జాబితాలో కింద ఉన్నవాళ్లకు అవకాశం దక్కిన సందర్భాలు బోలెడు. కాబట్టి విదేశంలో పోటీకి వెళ్తుంటే తిరుగు టికెట్ ఆ సభ అయ్యాకే ఉండేలా చూసుకోండి.