వార్తను డాక్టరులా చదవడం

ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకును బట్టి వస్తుంది. చాలా కాలేజీల్లో ఇంటర్వ్యూ ఉండదు. పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల, అంటే ఏఎఫ్ఎంసీ, మాత్రం నీట్ మార్కులతో సరిపెట్టకుండా అభ్యర్థులను పిలిచి మాట్లాడుతుంది. ధర్మాబాద్ నుంచో దెగ్లూర్ నుంచో వెళ్లిన తెలుగింటి విద్యార్థిని అక్కడ ‘మీ నాందేడ్ జిల్లాలో ఆరోగ్య సమస్య ఏదైనా చెప్పు’ అని అడిగారనుకుందాం. ఏం చెప్పాలి?

గుర్తొచ్చేది 2023 నాటి వార్తే. ఆ ఏడాది సెప్టెంబర్ నెలాఖరున, అక్టోబర్ మొదటి రోజున నాందేడ్‌లోని డాక్టర్ శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో 24 గంటల్లో 24 మంది చనిపోయారు. వారిలో 12 మంది పసికందులు. దేశమంతా ఉలిక్కిపడింది. బొంబాయి హైకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించింది. ఈ అంకెలు అప్పజెప్పి, ‘సౌకర్యాలు పెంచాలి’ అని ముగిస్తే అది పేపరు చదివినవాడి జవాబే అవుతుంది. డాక్టరు కాబోయే మనిషి మరో నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: శరీరంలో ఏం జరుగుతుంది? నెలలు నిండకుండా, 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డనే తీసుకుందాం. బరువుతో పోలిస్తే పసిబిడ్డ ఒంటి వైశాల్యం పెద్దవాళ్ల కంటే చాలా ఎక్కువ, అందుకే వేడి త్వరగా పోతుంది. పుట్టగానే ఒంటిమీది తడి ఆరేటప్పుడు మరికొంత పోతుంది. మనం చలికి వణికి వేడి పుట్టించుకుంటాం. పసిబిడ్డకు ఆ శక్తి లేదు, మెడ చుట్టూ, భుజాల మధ్య ఉండే గోధుమరంగు కొవ్వును కరిగించుకోవాలి. నెలలు నిండని బిడ్డకు ఆ కొవ్వూ తక్కువే. ఒంటి వేడి 36.5 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే, వేడి కోసం ఆక్సిజన్, చక్కెర ఖర్చయిపోతాయి. ఊపిరి కష్టమవుతుంది, పాలు తాగే ఓపిక పోతుంది.

దీన్ని కనిపెట్టడానికి యంత్రం అక్కర్లేదు. చేతి వెనక భాగంతో బిడ్డ పొట్టను, పాదాలను తాకి చూడాలి. రెండూ వెచ్చగా ఉంటే మంచిదే. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే చలి మొదలైనట్టు. రెండూ చల్లగా ఉంటే ప్రమాదం.

రెండోది: ఈ అంకెను దేనితో పోల్చాలి? ఆ ఆసుపత్రికి పర్భణీ, హింగోలీ నుంచీ, తెలంగాణ సరిహద్దు ఊళ్ల నుంచీ రోగులు వస్తారు. పరిస్థితి విషమించాక వచ్చేవారు ఎక్కువైతే మరణాలూ ఎక్కువే ఉంటాయి. కాబట్టి ఎంతమంది చేరారు, ఏ స్థితిలో చేరారు, మామూలు రోజుల్లో ఎందరు పోతారు అన్నది తెలియకుండా తీర్పు చెప్పకూడదు. అలాగని ఆ మరణాలను మామూలే అని కొట్టిపారేయనూ కూడదు.

మూడోది: ఆలస్యం ఎక్కడ జరిగింది? ప్రాణాపాయంలో ఉన్నవారి విషయంలో ఆలస్యం మూడు చోట్ల జరుగుతుందని ప్రజారోగ్య శాస్త్రం చెబుతుంది: ఆసుపత్రికి వెళ్దామని ఇంట్లో నిర్ణయించుకోవడంలో, దారిలో, ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో. మందులు, సిబ్బంది కొరత మూడోదాని కిందికి వస్తుంది. దూరపు తాలూకా నుంచి జీపులో చల్లగాలికి వచ్చిన బిడ్డ రెండోదాని కిందికి వస్తుంది.

నాలుగోది: ఏది పనిచేస్తుందని రుజువైంది? బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టే ‘కంగారూ’ పద్ధతి 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది. భారత్‌తో సహా ఐదు దేశాల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. తక్కువ బరువు బిడ్డలకు దీన్ని పుట్టిన వెంటనే మొదలుపెడితే, పరిస్థితి కుదుటపడ్డాక మొదలుపెట్టినప్పటి కంటే మరణాలు నాలుగో వంతు తగ్గాయి.

ఇవే ప్రశ్నలు ఇదే జిల్లాలోని కిన్వట్ తాలూకాలో కనిపించే ఫ్లోరోసిస్‌కూ వేసి చూడండి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏళ్ల తరబడి పళ్లలో, ఎముకల్లో పేరుకుంటుంది. ‘నీళ్లు కాచి తాగాలి’ అని జవాబిస్తే తప్పే. కాచితే నీరు తగ్గుతుంది గానీ ఫ్లోరైడ్ పోదు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో దాన్ని తగ్గించే పద్ధతి రూపొందించారు. దానికి మన నల్గొండ పేరే పెట్టారు.

ఇంటర్వ్యూకి వెళ్లేలోగా మీ ఊరి పీహెచ్‌సీకి ఒకసారి వెళ్లండి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను పెద్దాసుపత్రికి ఎలా పంపుతారో నర్సమ్మను అడగండి, ఆశా కార్యకర్త చెప్పేది వినండి. తెలియని ప్రశ్న ఎదురైతే ‘తెలియదు సార్’ అని నిజమే చెప్పండి. తెలిసినదాన్ని మాత్రం ఆ బిడ్డ ఒంటి దగ్గర మొదలుపెట్టి చెప్పండి. సీటు వచ్చినా రాకపోయినా, పసిబిడ్డ పాదాలు తాకి చూడడం మీ ఇంట్లో ప్రతి ఒక్కరికీ నేర్పండి.